సుబ్బారావు పేరు ఏ వరసలో ఉంది?

మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ కావాలంటే పాఠాలు చెప్పడం, రోగుల్ని చూడటం ఒక్కటే సరిపోదు. పరిశోధన పత్రాలు ఉండాలి. అందులోనూ రచయితల వరసలో మీ పేరు ఎన్నోది అని అడుగుతారు. 2015లో భారత వైద్య మండలి మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అంది. 2020లో కాస్త సడలించి మొదటి ముగ్గురికి, కరస్పాండింగ్ ఆథర్‌కి (పత్రం గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే రచయితకి) చోటిచ్చింది. ప్రమోషన్ల సమయంలో డాక్టర్ల టెన్షన్ అంతా ఈ వరస చుట్టూనే.

ఈ లెక్కల సంగతి వచ్చినప్పుడల్లా నాకు భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. ఆయన పత్రాలను ఈ కొలతలతో కొలిచి చూస్తే, కొలతల్లో ఏం లోపించిందో అర్థమవుతుంది.

1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఒక పత్రం రాశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చే పద్ధతి అది. మాలిబ్డేట్ కలిపితే ఏర్పడే పదార్థాన్ని మరో రసాయనంతో నీలం రంగుకి తెస్తారు. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చూడటానికి చిన్న విషయమే. కానీ ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ 1927లో కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఫాస్ఫరస్ పత్రాన్ని ఆ తర్వాత వేలమంది ఉదహరించారు. ఏటీపీ పత్రం సంగతి వేరు. ఇంటర్ పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన విషయానికి ఆధారం చూపించాలని ఎవరికీ అనిపించదు. అంటే, అందరికీ తెలిసిపోయిన పనికి సైటేషన్లు, అంటే తర్వాతి పత్రాల్లో ప్రస్తావనలు, ఆగిపోతాయి.

సైటేషన్లు లెక్కపెట్టే పని మొదలుపెట్టింది యూజీన్ గార్‌ఫీల్డ్. ఏ పత్రాన్ని తర్వాత ఎవరు వాడుకున్నారో వెతికే సూచిక కావాలని 1955లో సైన్స్ పత్రికలో రాశారు. పాత తీర్పుల్ని ఏ కోర్టు ఎప్పుడు ప్రస్తావించిందో చూసుకునే అమెరికన్ లాయర్ల పుస్తకాలు ఆయనకు నమూనా. 1964లో ఫిలడెల్ఫియా నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. వెతకడానికి పుట్టిన సాధనం అది. మనుషుల్ని తూచే తక్కెడగా తర్వాత మారింది. 2005లో హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ తెచ్చాక ఒక మనిషి పనంతా ఒక్క అంకెలోకి వచ్చేసింది. పది పత్రాలకు కనీసం పదేసి సైటేషన్లుంటే హెచ్-ఇండెక్స్ 10. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఒక పత్రికలోని పత్రాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కతో) వ్యక్తుల్ని అంచనా కట్టొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు ఒక ప్రకటన తయారుచేశారు. అప్పటికే ఆ అలవాటు బాగా పాతుకుపోయింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. అచ్చు రూపంలో వచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో, ఉదహరించిన పత్రాలను మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. కాబట్టి 1925 నాటి పత్రం ఫిస్కే పేరు దగ్గర దొరుకుతుంది. సుబ్బారావు పేరు కింద వెతికేవాడికి అది కనిపించదు.

హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దొరక్క 1940లో ఆయన లెడర్లీ అనే అమెరికన్ మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఫోలిక్ ఆసిడ్ అనే బి విటమిన్‌ని తయారుచేసే పనికి సారథి ఆయనే. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ వ్యాధి ఆయన అన్నని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకి మందు దొరకాలన్న పట్టుదల ఆయనలో ఉండేది. 1946లో సైన్స్‌లో వచ్చిన ఫోలిక్ ఆసిడ్ పత్రానికి 16 మంది రచయితలు. సుబ్బారావుది ఏడో పేరు. మన 2015 నియమం ప్రకారం గానీ, 2020 వరస ప్రకారం గానీ ఆ పేరు లెక్కలోకి రాదు.

ఫోలిక్ ఆసిడ్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు కూడా లెడర్లీ బృందం నుంచే వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా (రక్త కేన్సర్) పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలమైనా జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఆ పత్రం అచ్చయింది. కేన్సర్ కీమోథెరపీ చరిత్రలో దాన్ని తలవని వాళ్లుండరు. రచయితల్లో సుబ్బారావు లేరు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన చనిపోయారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువులాంటి మందు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ హైదరాబాద్, విశాఖ ఆస్పత్రుల్లో కేన్సర్‌కీ కీళ్లవాతానికీ రాస్తున్నారు.

లెడర్లీలో పనిచేసిన క్లిఫర్డ్ హెసెల్‌టైన్ 1953లో ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించి, దాని ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. ఆ శిలీంధ్రం గురించి ఎవరు రాసినా ముందు సుబ్బారావు పేరు రాయాల్సిందే.