950 డాలర్ల గీత వెనక కథ

1995 నవంబరులో దక్షిణ కాలిఫోర్నియాలో ఒకాయన రెండు కేమార్ట్ దుకాణాల్లో తొమ్మిది వీడియో క్యాసెట్లు దొంగిలించి దొరికిపోయాడు. వాటి ఖరీదు సుమారు 150 డాలర్లు. పాత దొంగతనాల కేసులున్నందున ‘త్రీ స్ట్రైక్స్’ (పాత పెద్ద నేరాలుంటే మూడోసారి భారీ శిక్ష వేసే) చట్టం కింద కనీసం 50 ఏళ్ల జైలు పడింది. 2003లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్షను నిలబెట్టింది. కాలిఫోర్నియాలో దొంగల మీద జాలి ఎక్కువైందని అనేవాళ్లు ముందు ఈ కేసు తెలుసుకోవాలి.

జైళ్లు కిక్కిరిసిపోయాయి. ఖైదీల సంఖ్య తగ్గించాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. 2014లో ఓటర్లు ‘ప్రతిపాదన 47’ను (ప్రజలే నేరుగా ఓటేసి చేసే చట్టం) గెలిపించారు. దాని ప్రకారం 950 డాలర్లు మించని షాపు దొంగతనం సాధారణంగా పెద్ద నేరం (ఫెలనీ) కాదు, చిన్న నేరమే (మిస్‌డిమీనర్). చాలామంది అనుకున్నట్టు శిక్షే లేదని కాదు, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. కఠినమైన రాష్ట్రంగా పేరున్న టెక్సాస్‌లో దొంగతనం ఫెలనీగా మారే ఈ గీత 2,500 డాలర్ల దగ్గరుంది!

అసలు చిక్కు అరెస్టు దగ్గర వచ్చింది. అప్పట్లో చిన్న నేరం తన కళ్లముందు జరిగితే తప్ప పోలీసు మామూలుగా అరెస్టు చేయకూడదు. లేదా దుకాణంవాళ్లే ‘పౌర అరెస్టు’ చేసి అప్పగించాలి. చాలా కంపెనీలేమో దొంగ జోలికి వెళ్లొద్దని సిబ్బందికి చెబుతాయి. అది న్యాయమే, షాంపూ సీసా కోసం గుమస్తా ప్రాణం మీదకు తెచ్చుకోకూడదు కదా. దాంతో పోలీసులు వచ్చేసరికి దొంగ ఉండడు, మిగిలేది రిపోర్టు. డాలర్ల లెక్క మీద జరిగినంత చర్చ ఈ నిబంధన మీద జరగలేదు. నాకు బాధ కలిగించేది అదే.

2021 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లోని లూయీ విటాన్ షాపును ముఠా దోచుకున్న వీడియోలు దేశమంతా చూసింది. 2023లో ఇలాంటి దొంగతనాలను అరికట్టడానికి రాష్ట్రం పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు 26.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, సరుకు నష్టంలో దాదాపు సగం ముఠాల పనేనన్న లెక్కను దుకాణాల సంఘమైన జాతీయ రిటైల్ సమాఖ్య వెనక్కి తీసుకుంది. లెక్క తప్పినా, టూత్‌పేస్టుకు సైతం తాళం వేసుకునే దుకాణాల అవస్థ నిజమే.

2024లో చట్టం మారింది. తగిన ఆధారముంటే పోలీసు కళ్లారా చూడకపోయినా అరెస్టు చేయొచ్చు. వేర్వేరు షాపుల్లో కొట్టేసిన సరుకు విలువ కలిపి లెక్కగట్టొచ్చు. నవంబరులో దాదాపు 68 శాతం ఓట్లతో ‘ప్రతిపాదన 36’ నెగ్గింది. రెండుసార్లు దొంగతనానికి శిక్షపడినవారి మీద మూడోసారి ఎంత చిన్న మొత్తానికైనా ఫెలనీ కేసు పెట్టొచ్చు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఈ గీతలేవీ రక్షణ కాదు. దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చని 2025 జులైలో భారత్‌లోని అమెరికా ఎంబసీ హెచ్చరించింది. వీసా దరఖాస్తులో అడిగేది సరుకు విలువ కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని.