ఊరి చివర నీటి తొట్టి, ఎలుగుకు పేరంటం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కొండవాలు ఊళ్లలో మా బృందం వానల్లో మొక్కలు నాటుతుంది, ఎండల్లో జంతువులకు నీళ్లు మోస్తుంది. ఏటా ఎదురయ్యే మాటలు కొన్ని.

అపోహ: ఎలుగుబంటి దాహంతోనే ఊళ్లోకి వస్తుంది. ఊరి చివర తొట్టి పెడితే సరి.

వాస్తవం: అది ఎలుగును పేరంటానికి పిలవడమే. దాన్ని ఇటు లాగేది నీళ్లొక్కటే కాదు. జీడిమామిడి పండ్లు, పనస, చెదపుట్టలు కూడా. మనం జీడిపిక్కలు ఏరడానికి తెల్లవారుజామున తోటకు వెళ్తాం, అదీ ఆ వేళకే అక్కడ ఉంటుంది. అందుకే తొట్టి జనం నడిచే దారికి దూరంగా, కొండ లోపల ఉండాలి. చోటు అటవీ సిబ్బందిని అడిగి ఖాయం చేయండి. ఎండిన గెడ్డలో (వాగులో) చెలమ తీస్తే నీరు ఊరే చోట సిమెంటు పనే అక్కర్లేదు.

అపోహ: తొట్టి ఎంత లోతుంటే అంత మంచిది.

మేమూ అలాగే అనుకుని మొదటి ఏడాది నిలువు గోడల తొట్టి కట్టించాం. కొన్ని వారాల తర్వాత కడగడానికి వెళ్తే ఒక ఉడుత, రెండు తొండలు నీళ్లలో తేలుతూ కనిపించాయి. లోపలి గోడకు పట్టిన నాచు మీద సన్నని గోళ్ల గీతలు. పైదాకా వెళ్లినవి ఒక్కటీ లేవు. ఆ పూటే రాళ్లు మోసుకొచ్చి ఒక మూల మెట్లలా పేర్చాం. ఇప్పుడు కట్టించేవన్నీ పళ్లెంలా వాలుగా ఉండేవే.

అపోహ: నీళ్లు నింపితే పుణ్యం దక్కినట్టే.

జంతువులు ఎక్కడ చేరతాయో వేటగాడికీ తెలుసు. వెళ్లిన ప్రతిసారీ చుట్టుపక్కల పొదల్లో ఉచ్చులు వెతకండి.

అపోహ: ఏ మొక్కైనా పచ్చదనమే కదా.

సరుగుడు, నీలగిరి కలపకు పనికొస్తాయి. ఎలుగు వాటిలో ఏం తింటుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాక, త్వరగా ఎదిగేవే నాటాలన్న తొందర మాలోనూ ఉండేది. ఇప్పుడు కొండ దాపున నేరేడు, మేడి, రేల, మర్రి నాటుతున్నాం. ఊరికి ఆనుకుని మాత్రం పండ్ల చెట్లు వద్దంటాం, కారణం పైన చెప్పిందే. పక్షుల సంగతి వేరు. మా జిల్లాలోనే, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి.

అపోహ: వానలు బాగా పడే జిల్లా, మొక్క దానంతట అదే బతుకుతుంది.

ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. మొక్కకు గండం మొదటి రెండు వేసవులు. మొదట్లో ఎండుటాకులు కప్పి, పక్కన మట్టికుండ మెడదాకా పాతి నీళ్లు నింపితే, తడి నెమ్మదిగా వేరుకు చేరుతుంది. నాటేరోజు ఫోటోకు నలభై మంది వస్తారు, మేలో బిందె పట్టుకునేది నలుగురే. అందుకే మా పుస్తకంలో నాటిన లెక్క రాయడం మానేశాం. జూన్ మొదటి వారంలో కొండెక్కి, చిగురున్నవే లెక్కపెట్టి రాస్తాం.