సెలవు దొరికినవారే జట్టు

2025 జూన్ 28 రాత్రి పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో తులూజ్, బోర్డో క్లబ్బులు ఫ్రెంచ్ రగ్బీ లీగ్ టాప్ 14 ఫైనల్ ఆడాయి. ఎనభై నిమిషాల్లో ఫలితం తేలలేదు. అదనపు సమయం ఆడాక తులూజ్ 39-33తో గట్టెక్కింది. సరిగ్గా వారం తిరిగేసరికి, జులై 5న, భూగోళానికి అవతలి వైపు ఉన్న డనీడిన్‌లో ఫ్రాన్స్ జాతీయ జట్టు న్యూజీలండ్‌తో టెస్టుకు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌కు, దిగింది. ఫ్రాన్స్ మేటి ఆటగాళ్లలో చాలామంది ఆ రెండు క్లబ్బులవారే. పారిస్‌లో ఫైనల్ ఆడిన ప్రముఖులెవరూ డనీడిన్‌లో కనిపించలేదు. మోకాలి గాయంతో ఫ్రాన్స్ కెప్టెన్ ఆంటువాన్ డ్యుపాన్ అప్పటికే దూరమయ్యాడు. మరికొందరిని కోచ్ ఫాబియన్ గాల్తియే కావాలనే ఇంటి దగ్గర ఉంచేశాడు.

ఫ్రాన్స్ ‘బి’ జట్టును పంపి తమను చులకన చేసిందని న్యూజీలండ్‌లో గగ్గోలు పుట్టింది. తీరా ఆట మొదలయ్యాక ఆ ‘బి’ జట్టు 31-27 దాకా వెంటాడి ఓడింది. తర్వాతి రెండు టెస్టుల్లో 43-17, 29-19 తేడాతో తలవంచింది. ఎవరి వాదనకు కావలసిన అంకెలు వారికి దొరికాయి.

ఈ తగాదా కొత్తది కాదు, నూట ముప్పై ఏళ్లు దాటినది. జట్టు జాబితా మీద సంతకం సెలెక్టర్లదే కావచ్చు. కానీ వారికంటే ముందే ఇంకెవరో ఏరివేత పూర్తి చేసి ఉంటారు. ఆటగాడికి ఎవరు జీతమిస్తున్నారో, వారు సెలవిస్తేనే అతని పేరు సెలెక్టర్ల బల్ల మీదికి వస్తుంది. వేసవి పర్యటనల చరిత్ర చాలావరకు ఈ సెలవు చీటీల చరిత్రే. అన్నట్టు, వేసవి అన్న మాట కూడా ఉత్తరార్ధగోళం వారిదే. ఆతిథ్యమిచ్చే న్యూజీలండ్‌లో, దక్షిణాఫ్రికాలో అప్పుడు నడిచేది నడి చలికాలం.

తొలి పర్యటన 1888లో జరిగింది. బ్రిటన్ నుంచి సుమారు ఇరవై మంది ఆటగాళ్లు ఓడెక్కి ఆస్ట్రేలియా, న్యూజీలండ్‌లకు వెళ్లారు. మార్చిలో బయలుదేరినవారు నవంబరులో ఇల్లు చేరారు. మొత్తం 35 రగ్బీ మ్యాచ్‌లు ఆడారు. అవి చాలవన్నట్టు ఆస్ట్రేలియా పద్ధతి ఫుట్‌బాల్ కూడా ఆడారు. ఎనిమిది నెలలు కొలువు మానుకోగలిగేది ఎందరు? ఇంగ్లండ్‌లో ఆటను నడిపే సంస్థ రగ్బీ యూనియన్ ఆ పర్యటనకు అధికారిక గుర్తింపు ఇవ్వలేదు. నిర్వాహకులు క్రికెట్ రంగంలోని వ్యాపారులు, యూనియన్‌కేమో ఆటలో డబ్బు వాసన తగిలితే పడదు. హాలిఫాక్స్ ఆటగాడు జాక్ క్లోస్ బట్టలు, సామగ్రి కోసం 15 పౌన్లు తీసుకున్నాడు. ఆ కారణంగా అతన్ని ‘ప్రొఫెషనల్’గా ముద్ర వేశారు. అతను మాత్రం అందరితో పాటు ఓడలో అంత దూరం వెళ్లి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగివచ్చాడు. ఆగస్టులో కెప్టెన్ రాబర్ట్ సెడన్ ఆస్ట్రేలియాలోని మైట్లండ్ దగ్గర హంటర్ నదిలో పడవ బోల్తాపడి మునిగిపోయాడు. క్రికెటర్‌గా పేరున్న ఆండ్రూ స్టాడర్ట్ జట్టు పగ్గాలు అందుకున్నాడు. కెప్టెన్‌ను దారిమధ్యలో ఎంచుకోవలసిన స్థితి మొట్టమొదటి పర్యటనలోనే వచ్చిందన్నమాట.

1905లో న్యూజీలండ్ జట్టు ఎదురు దిశలో బ్రిటన్‌కు వచ్చి, పర్యటన మొత్తంలో 35 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే ఓడినప్పుడు ఆటగాడికి రోజుకు మూడు షిల్లింగులు ఖర్చుల కింద ఇచ్చారు. దాని మీదా పెద్ద చర్చే జరిగింది. ఆ తర్వాత తొంభై ఏళ్లపాటు ఈ ఆటలో జీతం నిషిద్ధం. రైతు పొలాన్ని అన్నదమ్ములకు అప్పగించాలి, గుమాస్తా యజమానిని బతిమాలుకోవాలి, వైద్య విద్యార్థి పరీక్ష వాయిదా వేసుకోవాలి. రాలేనని ఆటగాడు ఉత్తరం రాస్తే సెలెక్టర్లు తర్వాతి పేరుకు వెళ్లేవారు. అత్యుత్తమ జట్టు వెళ్తోందని పత్రికలు రాసిన రోజుల్లోనూ అది వీలు చిక్కినవారిలో అత్యుత్తమం మాత్రమే.

పర్యటన సుదీర్ఘంగా సాగడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. జట్టును ఇంటి దగ్గర కాదు, దారిలో ఎంచేవారు. శనివారం టెస్టు ఉంటే, వారం మధ్యలో ఏదో ఒక ప్రాంతీయ జట్టుతో మ్యాచ్ ఉండేది. టెస్టుకు ఎంపిక కానివారు బుధవారం చిన్న ఊళ్లలో బురదలో ఆడి తమ వాదన వినిపించుకునేవారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టయిన లయన్స్‌లో ఈ వారమధ్య దళానికి ముద్దుపేరు కూడా ఉండేది. స్కాట్లాండ్ 1960లో, వేల్స్ 1964లో దక్షిణాఫ్రికాకు, ఇంగ్లండ్ 1963లో న్యూజీలండ్, ఆస్ట్రేలియాలకు వెళ్లడంతో, ఒక్కో దేశం విడిగా కొద్ది వారాల పర్యటనలు చేయడం మొదలైంది. ప్రయాణకాలం తగ్గింది, దానితో పాటు కుర్రవాళ్లను పరీక్షించే బుధవారాలూ తరిగిపోయాయి.

దారిలో ఎంపిక ఎలా జరగాలో చూడాలంటే 1997 దక్షిణాఫ్రికా పర్యటనకు మించిన ఉదాహరణ లేదు. అది జాతీయ జట్టు కాదు, లయన్స్. కానీ పాఠం ఎవరికైనా ఒకటే. కోచ్‌లు ఇయాన్ మెకీకన్, జిమ్ టెల్ఫర్ 35 మందితో దిగారు. వారిలో ముందే టెస్టు స్థానం ఖాయం చేసుకున్నవారు చాలా తక్కువ. మొదటి మ్యాచ్‌లలో స్క్రమ్, అంటే ఎనిమిదేసి మంది గుంపుగా వంగి ఎదుటివారిని తోసే పట్టు, కుంగిపోయింది. టెల్ఫర్ ముందు వరుస వాళ్లను రోజుల తరబడి పిండి ఆరేశాడు. టెస్టుకు జేసన్ లెనార్డ్, గ్రేమ్ రౌన్‌ట్రీ లాంటి దిట్టమైన ప్రాప్‌లు (స్క్రమ్ ముందు వరుసలో రెండు అంచుల్లో నిలిచేవారు) ఖాయమని అందరూ అనుకున్నారు. కోచ్‌లు మాత్రం ఒళ్లు తక్కువగా ఉన్న టామ్ స్మిత్‌ను, అసలు జాబితాలో పేరే లేక మరొకరి గాయంతో చోటు దక్కించుకున్న పాల్ వాలెస్‌ను ఎంచుకున్నారు. వాళ్లిద్దరూ నేలకు దగ్గరగా వంగి దూరడంతో భారీకాయులైన దక్షిణాఫ్రికా ప్రాప్‌లకు పట్టు దొరకలేదు. ఆటను నడిపించే ఫ్లై-హాఫ్ నీల్ జెంకిన్స్‌ను అందరికంటే వెనక ఉండే ఫుల్‌బ్యాక్‌లో నిలబెట్టారు, కేవలం అతని కాలి గురి కోసం. డర్బన్‌లో జరిగిన రెండో టెస్టులో దక్షిణాఫ్రికా మూడు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకించడం) చేసింది, లయన్స్ ఒక్కటీ చేయలేదు. జెంకిన్స్ కాలితో కొట్టిన ఐదు పెనాల్టీలు, ఆట సాగుతుండగానే జెరెమీ గస్కాట్ తన్నిన డ్రాప్ గోల్‌తో 18-15, సిరీస్ చేతికొచ్చింది.

టెస్టు జట్టును ప్రకటించిన రోజు ఆ ఆటగాళ్లకు కబురు చేరిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. హోటల్ గదుల తలుపుల కింద నుంచి కవర్లు జార్చారు. గదిలో ఇద్దరుంటే ఒకరి కవరులో అభినందన, మరొకరి కవరులో విచారం. మంచం దిగి వంగి కాగితం తీసే ఆ పది సెకన్లలో ఉన్నంత నాటకీయత చాలా టెస్టుల్లో ఉండదు.

అప్పటికే నేల కదిలిపోయింది. 1995 ఆగస్టు 26న అంతర్జాతీయ రగ్బీ బోర్డు పారిస్‌లో సమావేశమై ఆటను వృత్తిగా ప్రకటించింది. సెలవిచ్చే యజమాని మారాడు. ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో బ్యాంకు, బడి, పొలం పోయి ఆ స్థానంలో క్లబ్ వచ్చింది. క్లబ్‌కు ఆటగాడంటే పెట్టుబడి. సీజను మొత్తం ఆడి ఒళ్లు హూనమైనవాడు వేసవిలో విశ్రాంతి తీసుకోవాలనీ, సెప్టెంబరుకు ఒళ్లు చక్కదిద్దుకుని రావాలనీ అది కోరుకుంటుంది.

దాని ఫలితం 1998లో బ్రిస్బేన్‌లో తేలింది. ఇంగ్లండ్ కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్‌కు మార్టిన్ జాన్సన్ లేడు, లారెన్స్ డలాలియో లేడు, లెనార్డ్ లేడు, గస్కాట్ లేడు. గాయాలు కొన్ని, అలసట కొంత. మాట్ డాసన్ నాయకత్వంలో అనుభవం లేని కుర్రవాళ్లు ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికాలను ఒకే పర్యటనలో ఎదుర్కోవలసి వచ్చింది. జూన్ 6న ఆస్ట్రేలియా పదకొండు ట్రైలు కొట్టి 76-0తో చితక్కొట్టింది. ఆ రోజు ఫ్లై-హాఫ్‌లో నిలబడినవాడికి పంతొమ్మిదేళ్లు నిండి రెండు వారాలు కూడా కాలేదు. పేరు జానీ విల్కిన్సన్. జట్టును పంపిన తీరును ఆస్ట్రేలియా రగ్బీ యూనియన్ అధ్యక్షుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది ఆస్ట్రేలియన్ సైనికులు నేలకొరిగిన గలిపోలీ నాటి ద్రోహంతో పోల్చాడు. ఆస్ట్రేలియన్ నోట ఆ పేరు వచ్చిందంటే కోపం ఎంతటిదో ఊహించుకోవచ్చు. తర్వాత డనీడిన్‌లో 64-22, ఆక్లండ్‌లో 40-10, కేప్‌టౌన్‌లో 18-0. కేప్‌టౌన్‌లో బస నచ్చక వుడ్‌వర్డ్ తన సొంత క్రెడిట్ కార్డుతో జట్టు మొత్తాన్ని మౌంట్ నెల్సన్ అనే ఖరీదైన హోటల్‌కు మార్చాడు. ఆట బాగుపడకపోయినా పరుపులు బాగుపడ్డాయి.

ఈ ‘నరకయాత్ర’ నుంచే 2003 ప్రపంచ కప్పు విజయం పుట్టిందని ఇంగ్లండ్‌లో చెప్పుకుంటారు. విల్కిన్సన్, డాసన్, జోష్ లూసీ ఆ పర్యటనలోనూ ఉన్నారు, ఐదేళ్ల తర్వాత సిడ్నీ ఫైనల్లోనూ ఆడారు. ఈ కథ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. గెలిచిన ముగ్గురి పేర్లు గుర్తుంటాయి. ఆ చలికాలంలో ఒకటి రెండు టెస్టులు ఆడి, ఆ అంకెలే తమ అంతర్జాతీయ జీవితంగా మిగిలిపోయినవారిని ఎవరూ తలచుకోరు. అదే వుడ్‌వర్డ్ 2005లో లయన్స్‌ను న్యూజీలండ్‌కు తీసుకెళ్లినప్పుడు, మనుషులు చాలలేదన్న బాధ పడకూడదని కాబోలు, నలభై మందికి పైగా వెంటపెట్టుకున్నాడు. వారమధ్య జట్టుకు వేరే కోచ్‌లను పెట్టాడు. ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. టెస్టు జట్టు మూడుకు మూడూ ఓడింది. రెంటికీ మధ్య తలుపు మూసేస్తే బుధవారం మెరిసినవాడు శనివారానికి ఎలా చేరతాడు?

2007 వేసవి ఈ వివాదంలో ఒక వింత ఘట్టం. ప్రపంచ కప్పు ఏడాది. ఫ్రాన్స్ తన లీగ్ చివరి ఘట్టం కారణంగా చాలామందిని వదిలేసి న్యూజీలండ్ వెళ్లింది. 42-11, 61-10తో ఓడింది. ఇంగ్లండ్ కూడా పలచని జట్టుతో దక్షిణాఫ్రికా వెళ్లింది. బ్లూమ్‌ఫాంటైన్‌లో 58-10, ప్రిటోరియాలో 55-22. మధ్యలో కడుపు జబ్బు కూడా జట్టును చుట్టబెట్టింది. దక్షిణార్ధగోళం వారు టెస్టు పరువు పోయిందని మండిపడ్డారు. అక్టోబరులో కార్డిఫ్ క్వార్టర్‌ఫైనల్‌లో అదే ఫ్రాన్స్ న్యూజీలండ్‌ను 20-18తో ఇంటికి పంపింది. ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లి దక్షిణాఫ్రికా చేతిలో 15-6తో మాత్రమే ఓడింది. జూన్‌లో ఘోరంగా ఓడటం అక్టోబరులో గెలవడానికి మార్గమా అంటే, అలా అనలేం. కానీ ఆ వేసవిలో విశ్రాంతి ఇచ్చిన కోచ్‌లను తర్వాత ఎవరూ నిలదీయలేదు.

నియమాల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ప్రపంచ రగ్బీ సంస్థ నియమావళిలో తొమ్మిదో నిబంధన ప్రకారం టెస్టులకు కేటాయించిన వారాల్లో క్లబ్బులు ఆటగాళ్లను విడుదల చేయాలి. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కుదిరిన ఒప్పందంతో 2020 నుంచి ఆ వారాలు జూన్ నుంచి జులైకి జరిగాయి. లీగులు ముగిశాకే పర్యటన మొదలవ్వాలన్నది ఉద్దేశం. ఫ్రాన్స్‌లో మాత్రం టాప్ 14 జూన్ నెలాఖరు దాకా సాగుతుంది. ఫైనల్ ఆడినవాడు నియమం ప్రకారం విడుదలైనా, అతని కాళ్లు విడుదల కావు. అందుకే అక్కడ సమాఖ్యకూ లీగ్‌కూ మధ్య విశ్రాంతి ఒప్పందం వేరే ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి న్యూజీలండ్‌ది. అక్కడ ఆటగాడికి జీతమిచ్చేది దేశపు యూనియనే. విదేశీ క్లబ్‌కు వెళ్లినవాడిని జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌కు తీసుకోరు. ఐర్లండ్‌లో కూడా పగ్గాలు యూనియన్ చేతిలోనే. 2022లో ఐర్లండ్ కోచ్ ఆండీ ఫారెల్ నలభై మందిని న్యూజీలండ్ తీసుకెళ్లి, మావోరీ మూలాలున్న ఆటగాళ్ల జట్టయిన మావోరీ ఆల్ బ్లాక్స్‌తో రెండు అదనపు మ్యాచ్‌లు అడిగి మరీ పెట్టించుకున్నాడు. పాత బుధవారాలు తిరిగొచ్చినట్టయింది. వాటిలో ఒకటి ఓడారు, ఒకటి గెలిచారు. టెస్టుల్లో ఆక్లండ్‌లో 42-19తో చిత్తయి, డనీడిన్‌లో 23-12, వెల్లింగ్టన్‌లో 32-22తో గెలిచి సిరీస్ ఎత్తుకెళ్లారు. కాబట్టి న్యూజీలండ్‌వారు ఫ్రాన్స్ మీద విసుక్కున్నప్పుడు, ఇది మర్యాదకు సంబంధించిన విషయంగా మాట్లాడతారు గానీ, అసలు తేడా జీతం చెక్కు మీద ఎవరి సంతకం ఉందన్న దగ్గరే ఉంది.

లయన్స్ పర్యటన ఉన్న ఏడాది ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది. 2017లో మేటివాళ్లు లయన్స్‌కు వెళ్లగా, ఇంగ్లండ్ మిగిలినవారితో అర్జెంటీనా వెళ్లి రెండు టెస్టులూ గెలిచింది. పందొమ్మిదో పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు టామ్ కరీ అక్కడే తొలి టెస్టు ఆడాడు. రెండేళ్ల తర్వాత ప్రపంచ కప్పు ఫైనల్లో ఉన్నాడు. అదే నెలలో న్యూజీలండ్‌లో ఉన్న లయన్స్ కోచ్ వారెన్ గాట్లండ్‌కు బెంచీ మీద మనుషులు కావలసి వచ్చారు. వేల్స్, స్కాట్లాండ్ జట్లు దగ్గర్లోనే పర్యటిస్తున్నాయి. వాటిలోంచి ఆరుగురిని పిలిపించాడు. ఆటను బట్టి కాదు, విమానం ఎంత త్వరగా దిగుతుందన్నదాన్ని బట్టి ఎంచారని విమర్శలొచ్చి వారికి ‘భౌగోళిక ఆరుగురు’ అన్న పేరు అంటుకుంది. గాట్లండ్ కూడా వెనక్కి తగ్గాడు. ఆరుగురిలో మైదానంలోకి దిగింది ఇద్దరే, అదీ కాసేపే. ఆ ఎర్ర చొక్కా కోసం తమ దేశపు పర్యటనను మధ్యలో వదిలి వెళ్లిన మిగతా నలుగురికి అది గౌరవమో అవమానమో చెప్పడం కష్టం.

2026 జులై నుంచి మూడు టెస్టుల సిరీస్ స్థానంలో పన్నెండు జట్ల నేషన్స్ చాంపియన్‌షిప్ మొదలయ్యేలా క్యాలెండర్ ఖరారైంది. పర్యటించే జట్టు మూడు వారాల్లో ముగ్గురు వేర్వేరు ప్రత్యర్థులతో ఆడుతుంది. ప్రతి మ్యాచ్‌కూ పాయింట్లు ఉంటాయి. తొలి వారాంతంలో ఫ్రాన్స్‌కు దక్కిన ప్రత్యర్థి మళ్లీ న్యూజీలండే, ఈసారి క్రైస్ట్‌చర్చ్‌లో. టాప్ 14 ఫైనల్ మాత్రం ఎప్పటిలాగే జూన్ నెలాఖరునే.