పెద్దకర్మలోపు పెట్టే సంతకాలు: నిర్లక్ష్యపు మరణాలు, పరిహారంపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక మనిషి ప్రమాదంలో పోతే, మృతదేహం ఇంకా మార్చురీలో ఉండగానే రాజీ మాటలు మొదలవుతాయి. అమలాపురం కోర్టుల్లో ఇటువంటి కేసులు నడుపుతూ నేను గమనించినది ఒకటే: ఇవి కోర్టు హాలులో ఓడిపోవడం కంటే, పెద్దకర్మ లోపు ఎవరో రాసుకొచ్చిన కాగితం మీద పెట్టిన సంతకంతో చెడిపోవడమే ఎక్కువ.

అపోహ: పెద్దల ముందు రాజీ రాసుకుంటే ఇక కేసు ఉండదు.

కొన్నేళ్ల క్రితం ఏటిగట్టు మీద వెనుక దీపం లేకుండా, కొబ్బరికాయల లోడుతో నిలిపి ఉంచిన ట్రాక్టరును రాత్రివేళ మోటారు సైకిలుతో ఢీకొని మరణించిన ఒక యువకుడి భార్య మా ఆఫీసుకు వచ్చారు. ఆమె చేతిలోని పాలిథిన్ కవరులో నాలుగు మడతల స్టాంపు కాగితం ఉంది. రెండు లక్షలు ముట్టాయని, ట్రాక్టరు వారి తప్పిదమేమీ లేదని, ‘నా భర్త తానే అదుపు తప్పి పడిపోయాడ’ని ఆమె ఒప్పుకున్నట్టు అందులో రాసి, కింద ఆమె వేలిముద్ర వేయించారు. పక్కన నలుగురు పెద్దల సంతకాలు ఉన్నాయి గాని, వారిలో ఒక్కరూ ఆమెకు దానిని చదివి వినిపించలేదు.

నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం ఊళ్లో రాజీ చేసుకోదగిన నేరం కాదు. పాత ఐపీసీ 304-ఎ కింద రెండేళ్లుగా ఉన్న గరిష్ఠ శిక్ష, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఐదేళ్లయింది. పరిహారం సంగతికి వస్తే, ముట్టిన సొమ్మును మినహాయించమని అవతలివారు అడగవచ్చు గాని, అంతమాత్రాన రోడ్డు ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ తలుపు మూసుకుపోదు. మైనరు పిల్లల తరఫున కోర్టు అనుమతి లేకుండా దావాలో చేసుకున్న రాజీయే పిల్లలను కట్టిపడేయదు. అటువంటప్పుడు చావిట్లో రాసుకున్న కాగితానికి అంతకంటే బలం ఎక్కడిది?

అసలు చేటు డబ్బు తీసుకోవడంలో లేదు, ‘తానే అదుపు తప్పి’ అన్న ఆ మాటలో ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట చదివేది ఆ వాక్యాన్నే. శవ పంచనామాలోనూ ఇదే మాట తరచుగా దొర్లుతుంది కనుక, బంధువులు దానిని పూర్తిగా చదివించుకున్నాకే సంతకం చేయాలి. ‘పోయిన మనిషిని మళ్లీ కోయించడం ఎందుకు’ అని పోస్టుమార్టం వద్దనడం అర్థం చేసుకోదగినదే అయినా, ఆ నివేదిక లేకపోతే గాయానికీ మరణానికీ ఉన్న సంబంధాన్ని రుజువు చేయడం చాలా కష్టమవుతుంది.

అపోహ: కోర్టులో ఎంత వస్తుందో ఎవరికి తెలుసు, చేతికందిందే మేలు.

రోడ్డు ప్రమాద మరణాల్లో పరిహారం జడ్జి గారి దయ మీద ఆధారపడదు; 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పులలో సుప్రీంకోర్టు దానికి ఒక లెక్క ఏర్పరచింది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 34 ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడిని తీసుకోండి. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 21,000. అతడి మీద భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉంటే, సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేయగా 15,750 మిగులుతుంది. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు వర్తించే గుణకం 16తో హెచ్చవేస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు దీనికి అదనం. మృతుడి ఎల్ఐసీ సొమ్మును ఇందులోంచి తగ్గించరు. గృహిణి మరణిస్తే ఆదాయం సున్నా అని రాయడానికి కూడా వీల్లేదు; ఆమె ఇంటి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కూలివారికి జీతం చీటీలు ఉండవు కాబట్టి, సంపాదనను నిరూపించడానికి మేస్త్రీ సాక్ష్యం, బ్యాంకు పుస్తకం, డ్వాక్రా వాయిదాల పద్దు కూడా పనికివస్తాయి.

అపోహ: క్రిమినల్ కేసు తేలాక పరిహారం సంగతి చూసుకోవచ్చు.

నిరీక్షణ వల్ల హక్కు కోల్పోయినవారిని చూశాను. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన రోడ్డు ప్రమాదాలకు, పరిహారం దరఖాస్తు వేయడానికి మోటారు వాహనాల చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువుపై సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నా, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావాకు మరణించిన నాటి నుంచి రెండేళ్లు, వినియోగదారుల కమిషన్‌కు సాధారణంగా రెండేళ్లు గడువు. డ్రైవరు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడినా పరిహారం కేసు దానితో పడిపోదు, ఎందుకంటే రెండింటికీ కావలసిన రుజువు స్థాయి వేరు. మన ఊరి కుర్రాడు హైదరాబాదులో ప్రమాదంలో పోయినా, కుటుంబం ఇక్కడ నివసిస్తుంటే ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేయవచ్చు.

అపోహ: కరెంటు తగిలి చనిపోతే అది పోయినవాడి అజాగ్రత్తే.

రొయ్యల చెరువు గట్టు మీదో, తుపాను మర్నాడు పొలం దారిలోనో తెగిపడిన తీగ తగిలి మరణించిన వారి ఇంట మొదట వినపడే మాట ఇదే. 2002లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మధ్యప్రదేశ్ కేసులో, రాత్రి సైకిలు మీద ఇంటికి వస్తున్న మనిషి వాననీటిలో ఉన్న తెగిన తీగను చూడలేక మరణించాడు. ఆ తీగను ఎవరో దొంగతనంగా లాగారని విద్యుత్ బోర్డు వాదించినా కోర్టు అంగీకరించలేదు. ఇంత ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవారు, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, నష్టానికి బాధ్యులేనని చెప్పింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ నివేదికను అడిగి తీసుకోండి; తీగను సరిచేయక ముందే ఫోటోలు తీసి ఉంచండి.

అపోహ: ఆసుపత్రిలో ప్రాణం పోతే డాక్టరుదే తప్పు, ధర్నా చేస్తేనే న్యాయం.

వైద్యం ఫలించకపోవడం, వైద్యంలో నిర్లక్ష్యం ఒకటి కావు. డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, స్వతంత్ర వైద్య అభిప్రాయం కావాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. డబ్బు చెల్లించి చేయించుకున్న వైద్యమైతే వినియోగదారుల కమిషన్ మెరుగైన దారి. మీరు లిఖితపూర్వకంగా అడిగితే చికిత్స రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల వృత్తి నియమావళిలో ఉన్నదే. ఆసుపత్రి అద్దాలు పగిలిన రోజున ఆ కాగితాలు చేతికి రావు, పైగా కేసు మీ మీదికి వస్తుంది.

అపోహ: గోదావరిలో మృతదేహం దొరకకపోతే ఏడేళ్లు ఆగాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగినప్పుడు కొందరి ఆచూకీ దొరకక ఎన్నో ఇళ్లలో ఈ ప్రశ్న వచ్చింది. ఏడేళ్లన్నది వేరే ఆధారమేమీ లేనప్పుడు మరణాన్ని ఊహించడానికి చట్టం పెట్టిన హద్దు. మనిషి ఆ పడవ ఎక్కినట్టు టికెట్టు, తోటి ప్రయాణికుల సాక్ష్యం ఉంటే, వాటి బలం మీద మరణాన్ని ముందే నిరూపించుకోవచ్చు.

అపోహ: లాయరుకు వచ్చినదానిలో మూడో వంతు ఇవ్వాలి.

మా వృత్తి నియమాల ప్రకారం ఫలితంలో వాటా మాట్లాడుకోవడమే తప్పు. మార్చురీ గుమ్మం దగ్గర వకాలతు కాగితాలతో నిలబడే ఏజెంట్లకు ఈ సంగతి బాగా తెలుసు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. వేలిముద్ర వేయక ముందే ఆ ఫోన్ చేయండి.