చెట్టుమందుల చుట్టూ చట్టం: అపోహలు - వాస్తవాలు

అపోహ: అడవిలో కరక్కాయ ఏరినా, మారేడుగడ్డ తవ్వినా నేరమే.

వాస్తవం: కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఔషధ మొక్కలు, వేర్లు, దుంపలు చిన్నతరహా అటవీ ఫలసాయం. తరతరాలుగా సేకరిస్తున్న గిరిజనులకు, ఇతర అటవీవాసులకు వాటిని ఏరుకునే, అమ్ముకునే హక్కే కాదు, యాజమాన్యమూ ఉంది. అయినా చెక్‌పోస్టు దగ్గర మూట ఆగిపోతుంది. చాలా ఊళ్లు పోడు పట్టాల కోసం ఫారం-ఎ పెట్టి ఊరుకోవడమే కారణం. సేకరణ హక్కుకు ఫారం-బి, ఊరుమ్మడి అడవికి ఫారం-సి విడిగా పెట్టాలి.

ఈ క్లెయిములపై తీర్మానం చేసే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ లెక్క తప్పితే తీర్మానం నిలవదు. క్లెయిముకు కనీసం రెండు రకాల ఆధారాలు చూపాలి. మూలికావైద్యులు మందుమొక్కల కోసం తిరిగే హద్దులను ఈ చట్టం నియమాలే ఆధారంగా ఒప్పుకుంటాయి. చాలామంది వాడుకోని నిబంధన ఇది. వాగు, గుట్ట, బండ పేర్లతో పటం గీసి జతచేయండి. పెద్దల వాంగ్మూలం కాగితం మీద ఉండాలి, చెప్పేవారు క్లెయిము పెట్టినవారు కాకూడదు. గ్రామసభ తీర్మానాన్ని పరిశీలించే సబ్‌డివిజన్ కమిటీ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లాలి.

అపోహ: ఏరుకునే హక్కుంటే వైద్యం చేసే హక్కూ ఉన్నట్టే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానంపై సముదాయానికి హక్కు ఇస్తుంది కానీ వైద్యవృత్తికి అనుమతి ఇవ్వదు. కేరళ పరంపర వైద్యుల కేసులో 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేనివారు వైద్యం చేయకూడదని తేల్చింది. ఈ తీర్పు కొండ మీది వైద్యుణ్ణీ నకిలీ డాక్టర్‌నీ ఒకే గాటన కట్టింది. అది అన్యాయమే. కానీ ఈ రోజుకు చట్టం అదే.

అపోహ: సొంత తయారీ కాబట్టి సంతలో సీసాల్లో అమ్ముకోవచ్చు.

వాస్తవం: ఎండువేరును ముడిసరుకుగా అమ్మడం వేరు, దంచి కలిపి మందని అమ్మడం వేరు. రెండోదానికి తయారీ లైసెన్సు కావాలి. వైద్యులు తమ రోగులకు స్వయంగా చేసిచ్చే మందుకే మినహాయింపు. చక్కెరవ్యాధి, పక్షవాతం, క్యాన్సర్ నయం చేస్తామని గోడమీద రాసినా, మైకులో చెప్పినా మందుల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే 1954 చట్టం కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

అపోహ: ఊరి మొక్కల, వాటి వాడుకల వివరాలు స్థానిక జీవవైవిధ్య కమిటీ రాసుకునే జీవవైవిధ్య రిజిస్టరులో మందు రాయిస్తే పేటెంటు వచ్చినట్టే.

వాస్తవం: రిజిస్టరు నమోదు మాత్రమే. మొక్క పేరు, వాడుక రాయించండి. పాళ్లు, అనుపానం (మందును దేనితో కలిపి తీసుకోవాలో) మాత్రం, వాటిని ఎవరు చూస్తారో ఆ కమిటీ కాగితం మీద తేల్చేదాకా చెప్పకండి.