కదలని బిడ్డకు నొప్పి లేదనుకున్న రోజుల నుంచి

నవజాత శిశువుల ఐసీయూల్లో సూది గుచ్చే ముందు నొప్పి తగ్గడానికి నాలుక మీద వేసే పంచదార ద్రావణం చుక్కలు సరిపోతాయా అన్న వాదన మళ్లీ ముందుకొచ్చింది. పసికందులకు నొప్పి తెలియదని ఒకప్పుడు వైద్యుల్లో ఒక నమ్మకం ఉండేది. నేటి వాదన మూలం 1985లో వాషింగ్టన్‌లో జరిగిన ఒక ఆపరేషన్‌లో ఉంది. నెలలు నిండకుండా పుట్టిన ఒక మగబిడ్డకు గుండె దగ్గరి రక్తనాళాన్ని ముడివేయడానికి ఛాతీ తెరిచినప్పుడు, కండరాలను కదలనివ్వని పాన్‌క్యురోనియం తప్ప నొప్పి తెలియకుండా చేసే మందేదీ ఇవ్వలేదని, బిడ్డ పోయిన తర్వాత తల్లికి తెలిసింది. అది ఒక్క ఆసుపత్రి పొరపాటు కాదు, అప్పటి వాడుకే. బిడ్డ కదలలేదు, ఏడవలేదు కాబట్టి బాధ కూడా లేదన్నట్టే సాగిపోయింది.

ఆ తల్లి ఊరుకోలేదు. 1986లో విషయం పత్రికలకెక్కింది. మరుసటి ఏడాది, ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ బృందం, ఆపరేషన్ జరిగిన నెలలు నిండని శిశువులపై తమ ఫలితాలను వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించింది. తేలికపాటి మత్తు వాయువైన నైట్రస్ ఆక్సైడ్, కండరాలను కదలనివ్వని మందు మాత్రమే అందిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి. బలమైన నొప్పి మందైన ఫెంటానిల్ కూడా అందినవారిలో అవి అంతగా పెరగకపోవడమే కాక, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1992లో గుండె ఆపరేషన్లపై వచ్చిన మరో అధ్యయనంలో ఫెంటానిల్ కోవకే చెందిన సుఫెంటానిల్‌ను ఎక్కువ మోతాదులో పొందిన 30 మందిలో ఒక్కరూ చనిపోలేదు. మత్తు వాయువు హాలోథేన్, నొప్పి మందు మార్ఫిన్ పొందిన 15 మందిలో నలుగురు చనిపోయారు. మత్తు లోతుగా ఇస్తేనే ప్రమాదమన్న భయం అలా తలకిందులైంది.

పసికందుల నొప్పిని తగ్గించాలన్న ఈ మాట ఆపరేషన్ గదిలో నెగ్గినా, అది వార్డులోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పారిస్ ప్రాంతంలో 430 మంది శిశువులపై జరిగి, 2008లో వెలువడిన పరిశీలనలో మొదటి 14 రోజుల్లోనే నొప్పి కలిగించే పనులు 42,413 లెక్కకొచ్చాయి. వాటిలో దాదాపు 79 శాతానికి ముందుగా ప్రత్యేక ఉపశమనమేదీ ఇవ్వలేదు.

పంచదార ద్రావణం ఆ ఖాళీని నింపడానికి వచ్చినదే. అది ముఖం చిట్లించడాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ 2010లో లండన్ పరిశోధకులు మడమ గుచ్చినప్పుడు మెదడులో నొప్పికి కలిగే స్పందనను కొలిస్తే, పంచదార అందినవారికీ, నీళ్లు మాత్రమే అందినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కదలని బిడ్డను చూసి వేసిన పాత అంచనా ఇక్కడ గుర్తురాక మానదు. ముఖకవళికలు కూడా నొప్పి కొలమానమేననీ, అంతకంటే బలమైన మందుతో ఊపిరికే ముప్పనీ పంచదారను సమర్థించే వైద్యులు అంటారు. నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చి చూసిన బ్రిటన్ ప్రయోగాన్ని 31 మంది శిశువులతోనే, శ్వాస ఇబ్బందుల కారణంగా ఆపేశారు.

ఇంత పట్టుదల ఎందుకంటే నొప్పి ఆ పూటతో పోయేలా లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వాంకూవర్‌లో ఏళ్ల తరబడి గమనించినప్పుడు, చర్మాన్ని చీల్చే సూదులు ఎక్కువ పడినవారిలో మెదడు ఎదుగుదల వెనకబడినట్టు తేలింది. ఎక్కువ సూదులు పడేది ఎక్కువ జబ్బున్నవారికే కదా అన్న సందేహం సహజం. జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ సంబంధం నిలిచింది.