బంతి లేని చోట గురి

“స్నూకర్‌లో సూటిగా ఉన్న బంతిని ఎంత దూరం నుంచైనా వేసేస్తాను. కాస్త కోణం ఉంటే మాత్రం పాకెట్ పక్కన కుషన్‌కి, అంటే బల్ల అంచుకి తగులుతుంది. అదీ ఎప్పుడూ ఒకే వైపు. నా కంట్లో ఏమైనా లోపమా?” అని ఒక పాఠకుడు అడిగారు.

ఈ ప్రశ్నలో అసలు కీలకం ‘ఎప్పుడూ ఒకే వైపు’ అన్న మాట. చెయ్యి వణికితే బంతి ఒకసారి ఇటు, ఒకసారి అటు పోవాలి. ప్రతిసారీ ఒకే వైపు పోతోందంటే గురిపెట్టే పద్ధతిలోనే తేడా ఉంది. చాలామంది ఇది తెలియక క్యూ (బంతిని కొట్టే కర్ర) మారుస్తారు, దాని కొనకి రాసే చాక్ మారుస్తారు, చివరికి టైమ్ బాగోలేదంటారు.

ఆట నియమాలు వదిలేద్దాం. క్యూతో తెల్ల బంతిని కొడితే, అది వెళ్లి ఎర్ర బంతినో మరో రంగు బంతినో పాకెట్‌లోకి నెట్టాలి, అంతే. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, మనకి ఈ ఒక్క అంకె చాలు.

పాకెట్ నుంచి ఎర్ర బంతి కేంద్రం గుండా ఒక గీత గీసి వెనక్కి పొడిగించండి. అది బంతి వెనకవైపు ఎక్కడ బయటికొస్తుందో, తెల్ల బంతి తగలాల్సింది అక్కడే. ఇంతవరకూ అందరికీ తెలుసు. అందుకే అందరూ ఆ బిందువుకే క్యూ గురిపెడతారు, అక్కడే దెబ్బతింటారు. క్యూ నడిపించేది తెల్ల బంతి కేంద్రాన్ని; ఎర్ర బంతికి తగిలేది దాని భుజం. ఇరుకు గేటులోంచి కారు తీసేవాడు తన సీటు దాటుతుందా అని చూడడు, బంపర్ మూల ఎక్కడుందో చూసుకుంటాడు.

తెల్ల బంతి వచ్చే దారికీ ఎర్ర బంతి పాకెట్‌కి వెళ్లాల్సిన దారికీ మధ్య కోణాన్ని థీటా అనుకుందాం. తగలాల్సిన బిందువు ఎర్ర బంతి కేంద్రానికి 26.25 × సైన్ థీటా అంత పక్కన ఉంటుంది. తెల్ల బంతి కేంద్రం వెళ్లే దారి మాత్రం 52.5 × సైన్ థీటా అంత పక్కన ఉండాలి. సరిగ్గా రెట్టింపు! బిందువుకే గురిపెడితే 30 డిగ్రీలు కావాల్సిన చోట దాదాపు పద్నాలుగున్నరే వస్తుంది, 60 కావాల్సిన చోట 26 కూడా రాదు. ప్రతిసారీ బంతి మందంగానే, అంటే కావాల్సినదానికన్నా ఎర్ర బంతి నడిమికి దగ్గరగానే తగులుతుంది. మన పాఠకుడి ‘ఒకే వైపు’ ఇదే.

30 డిగ్రీలకి గురి సరిగ్గా ఎర్ర బంతి అంచు మీద పడుతుంది. ఆటగాళ్లు దీన్ని హాఫ్ బాల్ అంటారు. కంటికి పట్టు దొరికే కోణం ఇది. 60 డిగ్రీలకైతే అంచు దాటి ఇంకో 19 మిల్లీమీటర్లు అవతలికి గురిపెట్టాలి. అక్కడ బంతి లేదు, గుర్తు లేదు, ఉత్త గాలి.

బడిలో త్రికోణమితిని స్తంభం నీడతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. 90 దగ్గరపడే కొద్దీ సైన్ నత్తనడక నడుస్తుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. స్నూకర్ బల్ల దాన్ని మరిచిపోనివ్వదు. సున్నా నుంచి 30 డిగ్రీల దాకా ఉన్న కోణాలన్నీ 26 మిల్లీమీటర్ల వెడల్పులో పరుచుకుంటాయి. 30 నుంచి 60 దాకా 19లో. 60 నుంచి 90 దాకా ఉన్నవన్నీ కలిపి 7 మిల్లీమీటర్లలో ఇరుక్కుంటాయి!

నల్ల బంతి తన స్పాట్ మీద, అంటే బల్ల మీద దానికి గుర్తుపెట్టిన చోట ఉందనుకోండి. అక్కడి నుంచి మూల పాకెట్‌కి సుమారు 95 సెంటీమీటర్లు. గురి ఒక్క మిల్లీమీటర్ తప్పితే సూటి షాట్‌లో బంతి పాకెట్ దగ్గరికొచ్చేసరికి 18 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. పాకెట్ నోరు సుమారు మూడున్నర అంగుళాలు, అంటే బంతికి అటూ ఇటూ మిగిలే చోటు కూడా దాదాపు చెరో 18 మిల్లీమీటర్లే. అంచు రాసుకుని అయినా పడొచ్చు. అదే మిల్లీమీటర్ 60 డిగ్రీల షాట్‌లో 36 అవుతుంది. ఇక పడదు. మీటరు దూరంలో మిల్లీమీటరంటే డిగ్రీలో పదిహేడో వంతు. మంచి చూపు అంతకన్నా సన్నని తేడానే పట్టగలదు కాబట్టి కంటిని అనుమానించక్కర్లేదు.

పైగా 60 డిగ్రీల కోణంలో బంతికి అందేది తెల్ల బంతి వేగంలో సగమే. కాబట్టి గట్టిగా కొట్టాలి, గట్టిగా కొడితే క్యూ పక్కకి జరిగే ప్రమాదం పెరుగుతుంది. తెల్ల బంతిలో ఇంకా 87 శాతం వేగం మిగిలి ఉంటుంది, అది ఎక్కడ ఆగుతుందన్నది వేరే టెన్షన్.

ఈ జ్యామితి అంతా నున్నటి బంతులకి. నిజం బంతులు తగిలినప్పుడు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడి ఎర్ర బంతిని తెల్ల బంతి వెళ్లే వైపుకి కొంచెం లాగుతుంది, అంటే మళ్లీ మందం వైపుకే. మెల్లగా కొడితే ఈ లాగుడు ఎక్కువ. కోరియోలిస్, తుపాన్ల సుడి గురించి చెప్పేటప్పుడు వినే బలం ఎవరి పేరు మీద ఉందో ఆయనే, 1835లో బిలియర్డ్స్ బంతుల స్పిన్, రాపిడి మీద ఏకంగా గణిత గ్రంథమే రాశాడు.

లాగుడికి విరుగుడు ఉంది: ఎర్ర బంతి ఎడమకి పోవాలంటే తెల్ల బంతిని కొంచెం కుడివైపు కొట్టాలి. ఆ స్పిన్‌తో రెండు బంతులూ పళ్లచక్రాల్లా ఒకదానిమీద ఒకటి దొర్లుతాయి, రాపిడి లాగడం మానేస్తుంది. చిక్కేమిటంటే, పక్కకి కొట్టిన తెల్ల బంతి క్యూ చూపిన దారిలోనే పోదు. ముందు కాస్త ఎడమకి జరుగుతుంది, తర్వాత గుడ్డ మీద వంపు తిరుగుతుంది. అందుకే చెయ్యి కుదిరేదాకా నడిమధ్యలోనే కొట్టి, గురిని ఇంకో వెంట్రుకవాసి బయటికి జరపడం నయం.